మారుతాళం

చిన్నల్లుణ్ణి చంపడానికి పెద్దల్లుడు మూడు నెలలు ఆలోచించి, చివరికి ఒక సబ్బుబిళ్ళతో పని మొదలుపెట్టాడు.

ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. పనిచేసేదీ ఒకే కార్ల ఫ్యాక్టరీలో. పెద్దల్లుడు ఇరవై ఏళ్ళుగా కార్లకు తలుపులు బిగిస్తున్నాడు, ఇప్పుడు తలుపులు ఎత్తి అందించడానికి రోబో కూడా వచ్చింది. ఫోర్‌మన్ కుర్చీ మాత్రం నిన్నగాక మొన్న చేరిన చిన్నల్లుడికి దక్కింది. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న మాటనే పెద్దల్లుడి భార్య రోజూ కంచంలో వడ్డిస్తోంది.

కుర్చీ పోతే పోయింది, చిన్నల్లుడి కాపలాయే పెద్దల్లుడికి ఒళ్ళు మండించేది. తను రోబో చుట్టూ ఉన్న కంచెలోకి దూరితే చాలు, చిన్నల్లుడు మెయిన్ స్విచ్ దగ్గర తచ్చాడుతుంటాడు. తప్పు పట్టి ఉద్యోగం ఊడగొట్టడానికి కాకపోతే మరెందుకు?

కంచెలోకి వెళ్ళేవాడు ఎవరైనా ఆ స్విచ్ దించి, దానికి తన ఫొటో అంటించిన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. ఎన్ని తాళాలుంటే అన్నీ తీస్తేగానీ స్విచ్ లేవదు, రోబో కదలదు. పెద్దల్లుడికి అదంతా చాదస్తం. అతని తాళం ఎప్పుడూ గోడమేకుకే వేలాడేది. చిన్నల్లుడు మాత్రం ఒక్కనాడూ తప్పడు. అందుకే మామగారింట్లో అతను స్నానానికి వెళ్ళినప్పుడు పెద్దల్లుడు ఆ చెవిని సబ్బులో అదిమి, మారుచెవి చేయించాడు.

భోజనాల వేళ లైను ఖాళీ అయింది. రోబో పట్టు సడలిందని చిన్నల్లుడు కంచెవైపు నడిచాడు.

"అన్నయ్యా, ఓ చెయ్యి వేస్తారా?"

"నువ్వు పద, స్పానర్ తెస్తా."

అతను లోపలికెళ్ళి రోబో కింద వంగేదాకా ఆగి, పెద్దల్లుడు స్విచ్ దగ్గరికి వచ్చాడు. మారుచెవి తిప్పగానే తాళం ఊడి చేతికొచ్చింది. పని అయ్యాక దీన్ని మేకుకి తగిలిస్తే సరి. తాళం వేయడం మర్చిపోయాడు పాపం అని ఊరంతా అంటుంది. అందరికంటే ముందు తనే ఏడుస్తాడు.

స్విచ్ పైకెత్తబోయాడు. లేవలేదు. రెండు చేతులా ఎత్తాడు. అయినా లేవలేదు. వంగి చూస్తే స్విచ్ వెనకవైపు చిల్లుకి ఇంకో తాళం వేసి ఉంది. దాని మీద తన ఫొటో.

తను వేయలేదు. దాని చెవి తన జేబులోనే ఉంది. అయితే దాన్నీ తీయాలని తోచేలోగా కంచె గేటు చప్పుడైంది.

స్పానర్ ఇంకా రాలేదేమని బయటికొచ్చిన చిన్నల్లుడు, అన్నయ్య చేతిలోని తాళాన్నీ మారుచెవినీ చూశాడు. జేబు తడుముకున్నాడు, తన చెవి అక్కడే ఉంది. అతని కళ్ళు చెమర్చాయి.

"మీ తాళం వేసే హడావుడిలో నాది వేయడం మర్చిపోయానన్నమాట. మీరెప్పుడూ వేసుకోరని, మీ బదులు నేనే వేయడానికి మీ తాళానికి మారుచెవి చేయించి ఆర్నెల్లయింది అన్నయ్యా, నాకోసం మీరూ ఒకటి చేయించారని ఇప్పుడే తెలిసింది."