తలెత్తి చూడకూడని సెలవులు

బల్ల మీది గ్లాసులు గలగలలాడాయి. నీడ కోసం పెట్టిన గొడుగు ఊడిపోయేంత గాలి కొట్టింది. కాల్చిన చేపల మీద ఇంత దుమ్ము పోసి, ఒక విమానం వాళ్ల నెత్తి మీదుగా దిగిపోయింది.

“ఏమైనా వినబడిందా?” అంది గ్లెండా, చేపలో ముల్లు తీసుకుంటూ.

“అలల చప్పుడు. ఎంత హాయిగా ఉందో!” అన్నాడు డెస్మండ్, ప్లేటులోంచి చూపు తిప్పకుండా.

“మరి మెడ అలా బిగబట్టావేం?”

“పట్టేసింది.”

పట్టేయక ఏం చేస్తుంది? డెస్మండ్‌కి విమానాల పిచ్చి. ఎక్కే పిచ్చి కాదు, చూసే పిచ్చి. సొంతూరు స్టాక్‌పోర్ట్‌లో అతని ఇంటి అటక మీద నలభై నోట్‌బుక్కులున్నాయి. చూసిన ప్రతి విమానం నంబరూ వాటిలో ఎక్కింది. ఈ పిచ్చివాళ్లకు ఒక నియమం ఉంది. విమానాన్ని చూస్తే చాలదు, దాని నంబరు సొంత కళ్లతో చదవాలి. చదవకపోతే చూడనట్టే.

పెళ్లయిన పాతికేళ్లలో గ్లెండాని ఏ దేశం తీసుకెళ్లినా, అతను ముందు వెతికేది ఎయిర్‌పోర్ట్ కంచె పక్కన మంచి చోటు. పోయినేడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఆరు గంటలు వానలో కంచె పట్టుకుని నిలబడ్డాక, ఆమె తెగేసి చెప్పింది.

“వచ్చే ఏడాది మన పాతికేళ్ల పండగ. అప్పుడు గనక ఒక్క విమానం వైపు తలెత్తావో, ఆ నోట్‌బుక్కులన్నీ చెత్తబండికే. నీ ఫోను కూడా ఇంట్లోనే!”

డెస్మండ్ బుద్ధిమంతుడిలా తలూపాడు. సెలవులకు పనికొచ్చే ఐదు ఊళ్ల బొమ్మల పుస్తకాలు తెచ్చి ఆమె ముందు పరిచాడు. నాలుగు ఊళ్లకు విమానాల గోలే లేదు. ఐదోది ఈ గ్రీకు దీవి, స్కియాథోస్. ఇక్కడ రన్‌వే చివర గోడ పక్కన నిలబడితే విమానాలు తల దువ్వి పోతాయి. గ్లెండా తనంతట తనే ఐదోదాని మీద వేలు పెట్టి, “సముద్రం బాగుంది” అంది. రొట్టె విరిగి నేతిలో పడిందని డెస్మండ్ బాత్రూంలోకి పోయి గెంతాడు.

ఇక్కడికొచ్చాకా అదృష్టం అతన్ని వదల్లేదు. హోటల్ వాళ్లు తోటవైపు గది ఇస్తే, గ్లెండా పోట్లాడి పై అంతస్తులో సముద్రం వైపు గది తీసుకుంది. రన్‌వే కూడా అటే ఉంది మరి. రోజూ పొద్దున ఆమె పెద్ద టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చుని, గళ్లనుడికట్టు పుస్తకంలో పెన్సిలుతో ఏదో నింపుకునేది. వెనక కర్టెన్ సందులోంచి డెస్మండ్ విమానాల నంబర్లు చదివి మోచేతి లోపల రాసుకునేవాడు. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా అంత ధీమా ఉండదు.

మూడోరోజు ఎండ క్రీము రాస్తూ గ్లెండా ఆగింది.

“చేతి మీద ఇదేంటి?”

“హోటల్ ఫోను నంబరు. తప్పిపోతే పనికొస్తుందని.”

“ఫోను నంబర్లో అక్షరాలుంటాయా?”

“గ్రీకు ఫోన్లు గ్లెండా, వీళ్ల పద్ధతులు వేరు!”

ఆమె మళ్లీ క్రీము రాయసాగింది.

అసలు సంగతి వేరే ఉంది. ఒక పాతరకం విమానాలు మొత్తం నలభై మూడు తయారైతే, డెస్మండ్ నలభై రెండు చూశాడు. నలభై మూడూ ముందుగా చూసినవాళ్ల పేరు స్టాక్‌పోర్ట్‌లోని విమానపిచ్చోళ్ల క్లబ్బు గోడ మీద ఇత్తడి పలకపై చెక్కిస్తారు. ఇంతవరకూ ఆ పలక ఖాళీయే. మిగిలిన ఆ ఒక్క విమానం ఈ వారం రోజూ నాలుగింటికి ఈ దీవిలోనే దిగుతోందని, గోడ దగ్గర కలిసిన ఒక డచ్చాయన మొన్న చెవిలో వేశాడు. తీరా నిన్న నాలుగింటికి గ్లెండాకి తలనొప్పి వచ్చి, అతన్ని ఊరవతల మందుల షాపుకు తరిమింది. రేపు తిరుగు ప్రయాణం. వచ్చే నెల ఆ విమానం తుక్కు కిందకు పోతుంది. ఇవాళ తప్పితే పాతికేళ్ల వేట బూడిదలో పోసినట్టే.

నాలుగు కావస్తుండగా డెస్మండ్ మూతి తుడుచుకుని బల్ల దగ్గర్నుంచి లేచాడు.

“మీ అక్కకి స్నానం స్పాంజీ కొనుక్కొస్తా.”

“మా అక్క స్నానమే చెయ్యదని నువ్వే అంటావుగా?”

“అందుకే కొంటున్నా!”

“సరే పో. నేను గదికెళ్లి నడుం వాలుస్తా.”

మలుపు తిరిగేదాకా నడిచాడు, తర్వాత ఒకటే పరుగు. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు మొర్రోమన్నా వినలేదు. గోడ దగ్గరికి చేరేసరికి సముద్రం మీద విమానం చుక్కలా కనిపించింది, క్షణాల్లో పెద్దదైంది. రెక్క కింద నంబరు నల్లగా, స్పష్టంగా, అక్షరం అక్షరం చదివాడు. అదే! గాలికి టోపీ ఎగిరి సముద్రంలో పడింది. పడనీ! డెస్మండ్ రెండు చేతులూ ఎత్తి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఏడుస్తూ వెనక్కి తిరిగితే, రెండడుగుల్లో గ్లెండా నిలబడి ఉంది.

“స్పాంజీ దొరికిందా?”

డెస్మండ్ గోడకి చేరబడి మొత్తం కక్కేశాడు. బొమ్మల పుస్తకాల దగ్గర్నుంచి గ్రీకు ఫోను దాకా ఒక్కటీ దాచలేదు.

“తప్పు నాదే గ్లెండా. నోట్‌బుక్కులు చెత్తబండికే వేసుకో, ఒక్క మాటంటే ఒట్టు. కానీ నలభై మూడూ చూసేశాను! క్లబ్బు పలక మీద మొదటి పేరు నాదే!”

గ్లెండా అతని చొక్కా మీది దుమ్ము దులిపింది. చెదిరిన జుట్టు సర్దింది. చాలా ఏళ్ల తర్వాత అతని వైపు జాలిగా చూసింది.

“నా నలభై మూడూ నిన్ననే పూర్తయ్యాయి,” అంది.