పదకొండు రోజుల పిల్లలు

"ఈ సర్వర్ కూతకి చెవులు చిల్లులు పడుతుంటే నేనే నొక్కి ఆపేశానమ్మా. పదకొండు రోజులైంది, హాయిగా నడుస్తోంది," అన్నాడు ప్రసూతి ఆసుపత్రి రికార్డుల గుమాస్తా, ఏదో ఘనకార్యం చేసినట్టు.

ఇంజనీరమ్మ సర్వర్ వెనక్కి వంగి, ఊడిపోయిన కేబుల్ చూపించింది. "ఇందులో రెండు డిస్కులుంటాయి బాబాయ్. ఏం ఎక్కించినా రెండింట్లోనూ పడాలి. ఒకదానికి కనెక్షన్ పోతే రెండోదే బండి లాగుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. అది చెప్పడానికే ఆ కూత."

"మరి ఆ రెండోది కూడా పోయుంటే?"

"ఈ పదకొండు రోజుల్లో పుట్టిన పిల్లల వివరాలన్నీ గల్లంతయ్యేవి."

గుమాస్తా నవ్వబోయి ఆగిపోయాడు. "మొన్న గురువారం మా అమ్మాయికి ఇక్కడే పాప పుట్టింది. బరువుతో సహా నేనే ఎక్కించాను."

ఆమె కేబుల్ బిగించింది. వెనకబడిన డిస్కులోకి కొత్త వివరాలు ఒక్కొక్కటే చేరసాగాయి. తెర మీద నాలుగు శాతం కనిపించింది.

"గంటన్నర పడుతుంది. మీరు భోంచేసి రండి."

"భోజనానికేం తొందరలే," అంటూ ఆయన కుర్చీ లాక్కుని సర్వర్ ముందు కూర్చున్నాడు. ఊడవడానికి వచ్చినామెను గుమ్మంలోనే ఆపేశాడు.

"కాసేపాగి రామ్మా. లోపల పిల్లలున్నారు."