ఖాలీ వ్యాను

"ఇగ నాతోని కాదు. వ్యాను ఎక్కుత," అంటూ జోయల్ సైకిలును ఘాటు గోడకు ఆనించేశాడు.

కెరమెరి ఘాట్‌లో నాలుగో మలుపు. వాన మొహాన కొడుతోంది. జమ్మికుంట నుంచి ఆదిలాబాద్ చర్చికి సైకిళ్ళ మీద కలిసి బయల్దేరినవాళ్ళలో సుధాకర్‌తో సహా ఆరుగురు ముందే ఘాటెక్కిపోయారు. వెనక మిగిలింది జోయల్, అతని భార్య మహిమ. తిండి సామాన్ల వ్యాను వాళ్ళ వెనకాల రావాలి.

"పోయినేడు గూడ గిట్లనే ఎక్కినవు. రేపు ఆదిలాబాద్‌ల మా బాపు చర్చి ముంగట దండ పట్టుకొని నిలవడ్తడు. వ్యాన్లకెల్లి దిగుతవా?"

"దిగుత. దండ డ్రైవర్ జేమ్స్‌కే వేయుమను. నాకైతే ఆకలైతుంది. వ్యాన్ల డబ్బెడు మక్క గారెలున్నయి."

అప్పుడే ఒక ముసలాయన చేత గొడుగు, చంకన మేకపిల్లతో కింది నుంచి ఎక్కివచ్చాడు.

"తాతా, మా వ్యాను కనవడ్డదా?" అడిగాడు జోయల్.

"వ్యాన్? ఖాలీ. ఖాలీ ఆహే," అన్నాడాయన. మహిమ వైపు చూసి మరాఠీలో ఇంకేదో అన్నాడు. ఆమె తలూపింది. ఆయన కాలిబాట పట్టి వెళ్ళిపోయాడు.

"ఖాలీనా!" జోయల్ గొంతు లేచింది. "డబ్బ మొత్తం జేమ్స్‌గాడు ఒక్కడే మింగిండా? ఆగు, సుధాకరన్నకు చెప్త వాని సంగతి!"

"జల్ది పోయి చెప్పు మరి. పాపం, పైన అందరు గారెల కోసమే చూస్తుండ్రు," అంది మహిమ.

జోయల్ సైకిలెక్కాడు. ఒక్కో మలుపుకు జేమ్స్‌ను ఒక్కో తిట్టు తిట్టాడు. తిట్లు అయిపోయేసరికి ఘాటూ అయిపోయింది.

పైన మంచులో సుధాకర్ ఈల వేశాడు. "అరె జోయలూ! సైకిల్ మీదనే వచ్చినవా!"

జోయల్ వెనక్కి తిరిగి లోయను చూశాడు. తడిసిన మొహం నిండా నవ్వు. చెప్పాలనుకున్న ఫిర్యాదు కూడా మరిచిపోయాడు.

కాసేపటికి వ్యాను హారన్ కొడుతూ వచ్చింది. జేమ్స్ దిగి డబ్బా మూత తీశాడు. నిండుగా మక్క గారెలు.

"నువ్వొచ్చి ఎక్కుతవని గంటసేపు కిందనే ఆగిన అన్నా. ముసలాయనతోని చెప్పి పంపితి గద, ఎందుకు రాలే?"

"ఆయన ఖాలీ అన్నడు!"

మహిమ రెండో గారె అందుకుంది. "మరాఠీల ఖాలీ అంటే కింద. నేను పుట్టింది ఆదిలాబాద్‌ల, మర్చినవా?"