కూడితే ఎనిమిది

రాత్రి నగరిలో కరెంటు పోయి కోదండం మరమగ్గం ఆగిపోయింది. అలవాటు కొద్దీ సెల్లు వెలుగులో మగ్గం మీటరు చూసినాడు. గుడ్డలో అడ్డంగా పడిన ప్రతి పేక పోగునూ లెక్కబెట్టే మీటరది. 53,48,267. అంకెలన్నీ కూడితే ముప్పై అయిదు. మూడూ అయిదూ ఎనిమిది.

ఎనిమిది శనిదని పెండ్లాం వనజాక్షికి భయం. మగ్గం ఎనిమిది మీద నిలిస్తే, చక్రాన్ని చేత్తో ఒక్క చుట్టు తిప్పి తొమ్మిది చేసిగానీ పడుకునేది కాదు. "తొమ్మిదిని దేంతో హెచ్చించినా, కూడితే మళ్లా తొమ్మిదే వస్తాది సూడు. అది ఇడిసిపెట్టి పోయే అంకె కాదు," అనేది.

ఆమె పోయి నెలయింది. కోదండానికి ఏడుపూ రాలేదు, నిద్రా రాలేదు. ఎనిమిదైతే ఏమిలే అనుకుని చాప పరిచినాడు.

టక్.

పోగు పడిన చప్పుడు. ఒక్కటే.

కిటికీ అవతల నుంచి పక్కింటి యోగానంద కేకేసినాడు. "కోదండన్నా, వీదంతా కరెంటు లేదు గదా, నీ మగ్గం ఎట్లా ఆడింది?"

కోదండం లేచి పోయి సెల్లు పట్టి చూసినాడు. 53,48,268. కూడినాడు. ముప్పై ఆరు. తొమ్మిది.

ఆమీట చక్రం పట్టుకుని, నిదానంగా ఎనిమిది చుట్లు తిప్పినాడు. మళ్లా కూడి చూసుకున్నాడు. ఎనిమిది.

సెల్లు ఆర్పేసి, మగ్గం వైపు వీపు తిప్పి చీకట్లో కూర్చున్నాడు.

"ఇంగ తిప్పు మే," అన్నాడు.