మువ్వలేవీ?

"ఇది పాట కాదమ్మాయ్," అన్నాడు మామయ్య, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెడుతూ. "ఉప్పు లేని కూర."

మేనకోడలు గోడ గడియారం వంక చూసింది. ఆమె మొదటి డాన్సు పాట సాయంత్రం ఆరింటికి విడుదల. ఇప్పుడు మూడు దాటింది. మంచానికీ బట్టల బీరువాకీ మధ్య ఇరికించిన కంప్యూటరు ముందు ఏడు నెలలు కూర్చుని, తనే కట్టి, తనే పాడి, తనే కలుపుకున్న పాట.

మామయ్య మాటంటే ఆషామాషీ కాదు. ప్రింటింగ్ ప్రెస్సులో ముప్పై రెండేళ్ళు మిషను నడిపి రిటైరైన ఈ పెద్దమనిషికి కొత్త డాన్సు పాటలంటే పిచ్చి. ప్రతి శుక్రవారం ఆ వారం వచ్చినవన్నీ విని, ఫోను ముందు కూర్చుని, ఏది బాగుందో ఏది చెత్తో మొహమాటం లేకుండా చెప్పేస్తాడు. రెండు లక్షల మంది వింటారు. వాళ్ళు పెట్టిన పేరే శుక్రవారం మామయ్య. ఆయన బాగుందంటే రాత్రికల్లా ఆ పాటకి ఊరంతా గంతులేస్తుంది. పెదవి విరిచాడా, ఇక అంతే సంగతులు. ఇవాళా శుక్రవారమే.

"ఏం తక్కువైంది మామయ్యా?"

"మువ్వలేవీ? డ్రమ్ము బాగుంది. నీ గొంతు బాగుంది. కింద ఆ గుబగుబ దివ్యంగా ఉంది. పైన గలగలమని మువ్వలుండాలి కదే! అవి లేకపోతే కాలెలా లేస్తుంది?"

"ఉన్నాయి మామయ్యా. మొదట్నుంచీ ఉన్నాయి."

"నీ మనసులో ఉన్నాయేమో!"

ఆమె వాదించలేదు. ఏ పాట ఎందుకు బాగుంటుందో చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే. ఆయన లేవంటే లేనట్టే. తెర మీద మువ్వల మోత పెంచే మీటను పైకి జరిపి, ఈసారి స్పీకర్లలో పెట్టింది. మామయ్య కళ్ళు మూసుకున్నాడు. తీర్పు చెప్పే ముందు ఆయనెప్పుడూ అంతే.

"ఊహూఁ."

ఇంకాస్త జరిపింది.

"అబ్బే."

ఆయన చేతి వాచీ కీచుకీచుమని మొదలెట్టింది. పాట ధ్యాసలో ఉన్న మనిషికి వాచీ ఒక లెక్కా? మేనకోడలే వంగి దాని నోరు నొక్కింది. "నీ మాత్ర వేళైంది మామయ్యా."

"మాత్రకేం తొందర. ముందు దీని సంగతి చూడు."

వంటింట్లోంచి తల్లి విసవిసా వచ్చింది. "ఏంటే ఆ గోల! చెవులు గింగురుమంటున్నాయి. అన్నయ్యా, నువ్వైనా చెప్పు దానికి."

"నువ్వుండవే. పిల్ల మొహమాటపడుతోంది. ఇంకా పెంచాలి."

తల్లి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, మీకో దండం అన్నట్టు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పాట మళ్ళీ మొదలైంది, మళ్ళీ ఆగింది. నాలుగైంది. నాలుగున్నరైంది. మీట జరిపీ జరిపీ మేనకోడలికి ఏడుపొక్కటే తక్కువ.

"నిజం చెప్పు మామయ్యా. సొంత మేనకోడల్ని పొగిడితే జనం ఏమనుకుంటారోనని కదూ?"

ఆయన ముఖం చిన్నబోయింది. "అంత మాటన్నావా? నీ పాట బాగుందని చెప్పాలని నాకు మాత్రం లేదూ? పొద్దుట్నుంచీ దానికోసమే కాచుక్కూర్చున్నా. కానీ లేనిది ఉందని నా నోటితో ఎలా చెప్పించుకుంటావ్? నీదొక్కటే కాదు తల్లీ, ఏడాదిగా వస్తున్నవన్నీ ఇంతే. పైన జీవమే ఉండట్లేదు. పోయిన నెల ఆ అన్నదమ్ముల జట్టుకీ ఇదే చెప్పాను. మువ్వలు పెట్టడం కూడా చేతకాకపోతే మీకు పాటలెందుకు నాయనా అని."

"వాళ్ళు పాటలు మానేశారు మామయ్యా. ఈ స్పీకర్లు వాళ్ళ దగ్గర కొన్నవే."

"అవునా?" ఆయన ఒక్క క్షణం నొచ్చుకున్నాడు. "పోన్లే, స్పీకర్లైనా మంచివి."

ఇక ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. ఆరింటికి పాట వెళ్ళిపోతుంది, ఏడింటికి ఆయన ఫోను ముందు కూర్చుంటాడు. అబద్ధం చెప్పడు. చెప్పమని అడగడానికి తనకీ నోరు రాదు. ఆఖరికి ముక్కు ఎగబీల్చి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"సరే. పాటంతా తీసేస్తాను. ఒట్టి మువ్వలే వినిపిస్తాను. అప్పుడు కూడా లేవంటే ఇక నీ ఇష్టం."

"అదీ మాట! పెట్టు." మామయ్య సర్దుకుని కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె డ్రమ్ము తీసేసింది. గుబగుబ తీసేసింది. తన గొంతునూ తీసేసింది. మువ్వల్ని మాత్రం చివరిదాకా పెంచి నొక్కింది.

గది గలగలలాడిపోయింది. తల్లి రెండు చెవులూ గట్టిగా మూసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. తెర మీద మోత కొలిచే ఆకుపచ్చ గీతలు అంచు దాటి ఎర్రబడ్డాయి. మేనకోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ మోతకి.

మామయ్య తల కాస్త వంచి, చేతులు కట్టుకుని, శ్రద్ధగా కూర్చునే ఉన్నాడు. కనురెప్ప కూడా కదల్లేదు. ఆమె ఆయన ముఖం చూసింది, తెర చూసింది, మళ్ళీ ఆయన ముఖం చూసింది. వేలు మీట మీదే ఉండిపోయింది. మువ్వలు మోగుతూనే ఉన్నాయి.

చాలాసేపు ఓపికపట్టి, ఆయన ఒక కన్ను తెరిచాడు.

"ఎంతసేపే తల్లీ? పెట్టు మరి, నేను సిద్ధం!"