నంబరు బిళ్లలు

రెండో దెబ్బకి కర్ర విరిగింది. మేకల కాపరి మూతి పగిలి, నెత్తురు గడ్డం మీదికి కారింది.

"అక్క మొగుడివని ఇన్నాళ్లూ ఊరుకున్నాను," అంటూ ఫారెస్టు గార్డు చేతిలో మిగిలిన ముక్కతోనే మళ్లీ కొట్టాడు. "అడవి తిరిగి పెంచుదామని ఊరూ డిపార్టుమెంటూ కలిసి నాటిన మొక్కలివి. రేపు తనిఖీకొస్తున్నారు. లెక్క కోసం నంబరు బిళ్లలు కట్టిన వంద మొక్కల్లో డెబ్బై చచ్చాయి. నీ మేకలు కాకపోతే ఎవరు?"

"బిళ్ల లేనివి చూశావా?"

గార్డు చెయ్యి ఆగింది. చుట్టూ బిళ్ల లేని మొక్కలు నడుమెత్తున పచ్చగా ఊగుతున్నాయి.

"నా మేకలకి చదువొచ్చా బామ్మర్దీ? నంబర్లు చూసి మరీ తిన్నాయా?"

కాపరి మొలలోంచి కత్తి తీశాడు. గార్డు గబుక్కున వెనక్కి తగ్గాడు.

కాపరి అతని వైపు చూడనే లేదు. ఇంకా బతికున్న ఒక మొక్క ముందు కూర్చుని, బిళ్ల కట్టిన ఇనప తీగని తెంచాడు. మొక్క లావెక్కింది గాని తీగ సాగలేదు. కాండంలోకి దిగబడి, బెరడుని చుట్టూ కోసేసింది.

"నెలనెలా వచ్చి బిళ్లలు చదువుకుని పోతావు," కాపరి నెత్తురు ఉమ్మాడు. "మొక్కని ఒక్కసారైనా చూశావా?"

గార్డు పక్క మొక్క దగ్గర కూలబడి తీగ విప్పబోయాడు. చేతివేళ్లు తెగాయి గాని ముడి కదల్లేదు. ఎవరూ ఊడదీయకూడదని అంత గట్టిగా బిగించింది తనే.

"బావా," అని చెయ్యి చాపాడు.

కాపరి కత్తి పిడిని అతని వైపు తిప్పి ఇచ్చాడు.