కాయ లేచిన చోటు

లింగం బోరుబండికి అడ్డంగా నిలబడ్డాడు. "కాయ ముందుగాల్ల నా జాగల తిరగాలె. అటెన్క ఏడ తిరిగినా నాకు పర్వాలేదు," అన్నాడు.

సర్పంచ్ రాధమ్మ సరేనంది. పొద్దున్నే గొడవెందుకని ఆమె ఆలోచన. ఆ గుట్టమీది ఊరికి ఈ ఏడు పంచాయతీ ఇచ్చింది ఒకే ఒక్క బోరు. కింద ఇస్నాపూర్ నిండిపోయాక కిరాయి గదులు ఒక్కో వరుసా గుట్ట ఎక్కుతూ వచ్చాయి. ఫ్యాక్టరీల పనికి ఒడిశా నుంచీ బీహార్ నుంచీ జనం ఎక్కి వచ్చారు. నీళ్ళు మాత్రం ఎక్కి రాలేదు. ట్యాంకరు చివరి మలుపు దగ్గరే రొప్పుతూ ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బిందెలు మోయలేక, వచ్చినవాళ్ళు వచ్చినట్టే గదులు ఖాళీ చేసి పోతున్నారు. వాళ్ళ వెనకే కిరాణా కొట్టూ, టిఫిను బండీ దిగిపోయేలా ఉన్నాయి.

ఆ ఊళ్ళో నీటి తగువు తీర్చేది కొబ్బరికాయే. నీళ్ళ జాడ చూసే ముసలి నర్సన్న అరచేతిలో అడ్డంగా పడుకున్న కాయ ఎక్కడ లేచి నిలబడితే బోరు అక్కడే వేయాలి. ఎవరి జాగాలో పడితే ఆ నీళ్ళ మీద పెత్తనం వాళ్ళదే. నిరుడు ఆఫీసువాళ్ళ మిషను చూపించిన చోట ఎండురాయి తప్ప ఏమీ తగల్లేదు కాబట్టి, చదువుకున్న రాధమ్మ కూడా ఈసారి కాయకే దండం పెట్టింది.

నీళ్ళు తన జాగాలో పడితే అందరికీ పోస్తానని లింగం అన్నాడు. పోస్తాడు, డ్రమ్ముకింత అని. ఇప్పటికే రెండు ట్యాంకర్లున్న మనిషి. ఆ సంగతి గుట్టమీద మేకలకు కూడా తెలుసు.

నర్సన్న తన కోడలు అరుణమ్మతో కలిసి లింగం కట్టించిన గదుల్లోనే చివరి దాంట్లో ఉంటాడు. ముందురోజు లింగం వాళ్ళ గడప దగ్గరకు వచ్చి, కాయ తన జాగాలో లేస్తే ఆ గది ఇక వాళ్ళదేనని, కాయితం రాసిస్తానని చెప్పి పోయాడు. మందుల కంపెనీలో డబ్బాలు కట్టే అరుణమ్మ, ఆ మాట విన్నప్పటి నుంచీ గోడకు ఏ రంగు వేయాలా అన్న ఊహలోనే ఉంది. మామ మాత్రం మర్నాటికి కొబ్బరికాయ ఏరుకునే పనిలో పడ్డాడు.

నర్సన్న తలస్నానం చేసి, తడిపంచెతో, చెప్పుల్లేకుండా బయల్దేరాడు. అప్పటికింకా మంచు విడవలేదు. కింద చిమ్నీల పొగా మంచూ కలిసిపోయి, ఫ్యాక్టరీలు లేవు, రోడ్డు లేదు, గుట్ట ఒక్కటే తెల్లటి దాంట్లో తేలుతోంది. ముసలాయన కళ్ళు మూసుకుని నడుస్తున్నాడు. వెనకే ఊరంతా నడుస్తోంది. భాష రాని ఒడిశా ఆడవాళ్ళు కూడా ఖాళీ బిందెలు చప్పుడు కాకుండా చంకన పెట్టుకుని నడుస్తున్నారు. రాళ్ళ కింద ఎక్కడో నీళ్ళు కూడా తమతోపాటే నడుస్తున్నాయని అందరికీ అనిపించింది.

లింగం జాగాలో నర్సన్న మూడు చుట్లు తిరిగాడు. ఒకచోట చాలాసేపు నిలబడ్డాడు. ఆ చలిలో కూడా నుదుటి మీద చెమట పట్టింది. కాయ పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"ఈడ లేదు పటేలా," అన్నాడు కళ్ళు తెరిచి.

చెయ్యి ముసలిదైపోయిందని లింగం విసుక్కున్నాడు. ఇంకో చుట్టు తిప్పించాడు. కాయ కదల్లేదు. అరుణమ్మ కళ్ళ ముందు రంగు వేసిన గోడ కూలిపోయింది. ఆమెకు మామ మీద కోపం రాలేదు, ఆయన చేతిమీద జాలి కలిగింది.

అక్కణ్ణుంచి నర్సన్న బాట వెంట దిగి, ఎవరి పట్టాలోనూ లేని రాళ్ళ జాగాలోకి వచ్చాడు. నాలుగడుగులు వేశాడో లేదో, అరచేతిలో కాయ నిద్రలో ఎవరో పిలిచినట్టు మెల్లగా లేచి నిలబడింది. రాధమ్మ అక్కడ సున్నంతో గుర్తు పెట్టించింది.

మధ్యాహ్నానికి బండి దుమ్ము చిమ్మడం మానేసి బురద చిమ్మింది. ఆ తర్వాత నీళ్ళు మనిషెత్తు లేచాయి. ఒడిశా ఆడవాళ్ళు బిందెలు పట్టడం మరిచిపోయి నిలువునా తడిశారు. అరుణమ్మ కూడా తడుస్తూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. గుట్టంతా ఆ కాసేపు కలలోనే ఉంది.

కలలోంచి అందరికంటే ముందు బయటపడింది లింగం. ఒకటో తారీఖుకల్లా గది ఖాళీ చేయమని నర్సన్నకు అక్కడే చెప్పేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అరుణమ్మ గిన్నెలు మూట కడుతోంది. కిందికి దిగి వేరే గది వెతుక్కోవాలి. నర్సన్న గడప మీద కూర్చుని, కొత్త నీళ్ళతో కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"మామా, గా కాయ పటేల్ జాగల లేస్తే ఏం పోతుండె? మనకింత నీడ దొరుకుతుండె కద."

నర్సన్న చెంబు కింద పెట్టి, కుడిచేతి బొటనవేలిని నొక్కుకుంటూ మెల్లగా అన్నాడు.

"ముందుగాల్ల ఆడనే లేసింది బిడ్డా. గీ వేలితోనే అదిమి పట్టిన."